జాగ్రత్త: 'ఇంట్లో తెలియనివ్వకండి' అనే నాణేల అమ్మకందారు

తోటి నాణేల సేకర్తలకు, ముఖ్యంగా పాత వెండి రూపాయల మీద మోజుతో నెలజీతంలోంచి ఎంతో కొంత పక్కకు తీసి కొనుక్కునే నాలాంటి మధ్యతరగతివారికి ఈ హెచ్చరిక. 1939 నాటి ఆరవ జార్జి వెండి రూపాయి అని చెప్పి, పోతపోసిన నకిలీని నాకు 62,000 రూపాయలకు అంటగట్టారు. అమ్మిన వ్యక్తి పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు ఇంకా నడుస్తోంది. పైగా నాకు చెప్పిన పేరు అతని అసలు పేరేనన్న నమ్మకం కూడా నాకు లేదు. రేపు మరో పేరుతో, మరో నంబరుతో మీ దగ్గరికి రావచ్చు కాబట్టి, అతను పనిచేసిన పద్ధతిని వివరంగా రాస్తున్నాను.

మేము విశాఖపట్నంలో గాజువాకలో ఉంటాం. మా నాయనమ్మ ట్రంకు పెట్టెలో దొరికిన 1901 నాటి విక్టోరియా రూపాయితో నాకీ పిచ్చి మొదలై పన్నెండేళ్లయింది. నెలకోసారి వన్ టౌన్ వెళ్లి, కురుపాం మార్కెట్‌లో కరిగించడానికి వచ్చిన పాత వెండిలోంచి రూపాయలు ఏరుకోవడం, ఇంటికొచ్చి భూతద్దం కింద పెట్టి చూసుకోవడం, ఆల్బంలో సర్దుకోవడం, ఇంతవరకే నా సేకరణ. ఒక్కో నాణేనికి పదిహేను వందలు దాటి ఎప్పుడూ పెట్టలేదు. నా దగ్గరున్న వాటిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది వెండిది కూడా కాదు; ఈస్టిండియా కంపెనీవారు మన ఉత్తర సర్కారుల కోసం బర్మింగ్‌హామ్‌లోని సోహో టంకశాలలో కొట్టించిన 1794 నాటి రాగి నాణెం. రూపాయికి నలభై ఎనిమిది అని దాని మీదే ఇంగ్లీషులో రాసి ఉంటుంది. ఈ ఊరి సంతలో ఒకనాడు ఎవరి కొంగుముడిలోనో ఉండి ఉంటుందని అనుకుంటూ దాన్ని ఎన్నిసార్లు తిప్పి చూశానో లెక్కలేదు.

మా ఆవిడ ఈ వ్యవహారాన్ని ఎన్నడూ కాదనలేదు. 'మీ రాజులూ రాణులూ' అని నవ్వుతుంది, అంతే. ఇంటి లెక్కలన్నీ ఆమే చూస్తుంది, ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. మా ఆఫీసులో ఇరవై నెలల లక్ష రూపాయల చీటీ ఒకటి నా పేరున నడుస్తోంది. నెలకు కట్టే 5,000లో 2,000 ఆమె కుట్టుమిషను సంపాదించినవి. అమ్మాయి ఇంజనీరింగులో చేరే నాటికి ఆఖరి నెలలో ఎత్తుకోవాలన్నది మా ఇద్దరి మాట. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఆరవ జార్జి రూపాయల్లో 1939 నాటిది దొరకడం చాలా కష్టమని సేకర్తలందరికీ తెలుసు. 1940 నుంచి రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు, 1947 నాటికి వెండి పూర్తిగా పోయి నికెల్ వచ్చింది. అంటే 91.7 శాతం వెండి, పాత తులం లెక్కన 11.66 గ్రాముల బరువు ఉన్న రూపాయల వరుసలో ఆఖరిది ఇదే. వరుసలో ఆ ఒక్క గడి ఖాళీగా ఉంటే సేకర్త మనసు ఎలా లాగుతుందో మీకు చెప్పనక్కరలేదు. ఆ ఖాళీ గడి గురించి నేను ఫోనులో ఒక సేకర్తల బృందంలో రాసిన మరునాడే అతని నుంచి సందేశం వచ్చింది. తాతగారి సేకరణ అట, కుటుంబ అవసరం కోసం అమ్ముతున్నాడట, నాలుగు ఫొటోలు కూడా పంపాడు.

ఆ తరువాత వారం రోజుల సంభాషణను ఇప్పుడు చదువుకుంటే నాకే సిగ్గుగా ఉంటుంది. ధర మీద నేను వెనకాడినప్పుడు, 'మేడంగారిని అడగాలా సార్?' అన్నాడు. మగవాడి అభిమానం ఎక్కడ ముడిపడి ఉంటుందో అతనికి బాగా తెలుసు. అడగనక్కరలేదని నేను గొప్పగా బదులిచ్చాను. అయితే పార్సిల్ ఆఫీసు చిరునామాకు పంపుతాననీ, ఇంట్లో పెద్ద మొత్తం కనబడకుండా మూడు విడతలుగా కట్టవచ్చనీ, ఆ మూడు విడతలూ మూడు వేర్వేరు ఫోను నంబర్లకు వేయమనీ అన్నాడు. బిల్లు అడిగితే, బిల్లు ఇస్తే జీఎస్టీ మీద పడుతుందనీ, పైగా ఆ కాగితం ఎప్పుడో ఒకప్పుడు ఇంట్లోవారి కంట పడుతుందనీ నా మేలు కోరినట్టే చెప్పాడు. నాకు అనుమానం రాకపోగా, ఎంత మర్యాదస్తుడో అనిపించింది.

డబ్బు కోసం నేను ఏడో నెలలోనే చీటీ పాడాను. 18,000 రూపాయల పాటకు ఎత్తితే చేతికి 82,000 వచ్చింది. అందులో 62,000 ఆ రూపాయికి పోగా, మిగిలిన 20,000 కూడా ఇంటికి చేరలేదు. అదే వ్యక్తి 'లాట్' అని చెప్పి అంటగట్టిన మరో పదకొండు విక్టోరియా రూపాయలకు పోయింది. ఆ పదకొండింటిలో తొమ్మిది ఒకప్పుడు దండలో గుచ్చినవి. గడియారంలో పన్నెండు అంకె ఉండేచోట, అంటే నాణెం పైఅంచున, కొక్కెం అతికిన టంకాన్ని అరగదీసి, అక్కడి అంచు గీతలను మళ్లీ చెక్కారు. భూతద్దం కింద ఆ ముప్పావు అంగుళం మేర గీతలు పక్క గీతలకన్నా వెడల్పుగా, కొద్దిగా వాలుగా కనబడతాయి. అలాంటి నాణేనికి వెండి ధర మించి ఏ సేకర్తా ఇవ్వడు. నాకు పంపిన ఫొటోలన్నీ బొమ్మవైపు, బొరుసువైపు తీసినవే. అంచు ఫొటో ఒక్కటీ లేదు, నేను అడగనూ లేదు.

1939 రూపాయి చేతికి రాగానే బరువు తేడాగా అనిపించింది. అయినా 62,000 పెట్టి కొన్నది నకిలీ అని ఒప్పుకోవడానికి మనసుకు తొమ్మిది రోజులు పట్టింది. పదో రోజు రాత్రి అందరూ పడుకున్నాక పరీక్ష చేశాను. గ్రాములో నూరో వంతు చూపే చిన్న త్రాసు మీద నీళ్లున్న ప్లాస్టిక్ గ్లాసు ఉంచి, అంకెను సున్నాకు తెచ్చి, నాణేన్ని సన్నని దారంతో కట్టి, గ్లాసు అడుగుకూ అంచులకూ తగలకుండా పూర్తిగా మునిగేలా వేలాడదీస్తే, త్రాసు మీద కనబడేది అది పక్కకు నెట్టిన నీటి బరువు. నాణెం బరువును ఆ అంకెతో భాగిస్తే లోహపు సాంద్రత వస్తుంది. నాయనమ్మ రూపాయి అరిగి 11.58 గ్రాములుంది, నీటిలో 1.12 చూపింది, సాంద్రత పదింటికి పైన, అంటే మంచి వెండి. కొత్తగా వచ్చింది 11.31 గ్రాములు, నీటిలో 1.26. సాంద్రత తొమ్మిది కూడా లేదు. లోపల రాగి జాతి లోహం, పైన వెండి పూత అన్నమాట. ఒక జాగ్రత్త చెప్పాలి: అసలైన 1938 రూపాయి మీద 8ని 9గా చెక్కి అమ్మే మోసం ఈ పరీక్షకు దొరకదు, ఎందుకంటే లోహం అసలైనదే. దానికి అంకెల చుట్టూ ఉన్న చదునైన ఖాళీ భాగాన్ని భూతద్దంతో చూడవలసిందే.

ఆ దారం కోసం నేను కుట్టుమిషను సొరుగు లాగిన చప్పుడుకు మా ఆవిడ లేచి వచ్చింది. "ఏటండీ, ఈ వేళప్పుడు నా దారంతో ఏటి చేస్తున్నారు?" అంది. దాచడానికి ఇంక ఓపిక లేక అంతా చెప్పేశాను. నాణెం గురించి ఆమె ఒక్క మాట అనలేదు. చీటీ ఏ నెలలో పాడానో మాత్రం రెండుసార్లు అడిగింది. తరువాత నా ఫోను తీసుకుని, ఆ సందేశాలన్నీ మొదటి నుంచి చివరి దాకా, జాకెట్ కొలతలు సరిచూసుకున్నట్టు నిదానంగా చదివింది. చదివి, "మీ దగ్గర ఏయే నాణేలున్నాయో ఈయన ఒక్కసారైనా అడిగాడేటి? నాకు తెలుసా, తెలీదా అని మాత్రం నాలుగుసార్లు అడిగాడు" అంది.

పన్నెండేళ్ల సేకరణ అనుభవం నాకు చూపించనిది ఆమెకు పది నిమిషాల్లో కనబడింది. నకిలీ నాణెం అమ్మేవాడికి కావలసింది నాణేలు తెలియని కొనుగోలుదారు కాదు. అలాంటివాడు నాలుగు షాపులకు తీసుకెళ్లి చూపిస్తాడు. ఇంట్లో చెప్పకుండా కొనేవాడే కావాలి. అతను పార్సిల్ ఇంట్లో విప్పడు, ఎవరి ఎదుటా తూయడు, బిల్లు ఉంచుకోడు, మోసం తెలిశాక కూడా పోలీసు స్టేషను మెట్లెక్కడు, ఎక్కితే ముందు ఇంట్లో తెలుస్తుంది కనుక. నా విషయంలో ప్రతి సౌకర్యమూ, ఆఫీసు చిరునామా, విడతలు, బిల్లు లేకపోవడం, అన్నీ నా సంసారానికి సాయం చేస్తున్నట్టు కనబడుతూనే అతని మీద సాక్ష్యం లేకుండా చేశాయి. మీతో బేరమాడే వ్యక్తి మీ భార్యకో భర్తకో తెలియకుండా ఎలా కొనాలో ఉపాయం చెప్పడం మొదలుపెడితే, నాణెం ఎంత అందంగా ఉన్నా అక్కడితో ఆపండి.

నాణెం తిరిగి పంపుతానంటే, మీరే మార్చి పంపుతున్నారేమో ఎవరికి తెలుసు, అన్నాడు. పార్సిల్ విప్పుతూ వీడియో తీయకపోవడం నా తప్పు. మరుసటి ఉదయం మా ఆవిడే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోను కలిపి నా చేతికిచ్చింది. సైబర్ మోసాల్లో గంటలు గడిచేకొద్దీ డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు జారిపోతుంది; నేను సిగ్గుతో వృథా చేసిన పది రోజుల ఖరీదు అక్కడ తెలిసింది. మూడు ఖాతాల్లో ఒకదాంట్లో మిగిలిన కొద్ది మొత్తాన్ని ఆపారని చెప్పారు, ఇంకా నా చేతికి రాలేదు. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలనుకునేవారికి ఒక సంగతి చెప్పాలి. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా, మనం ఉండే ఊళ్లోనే ఫిర్యాదు వేయవచ్చు, ఐదు లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, రెండేళ్ల గడువుంది. కాని బిల్లు లేకుండా నేను ఎవరి దగ్గర ఏం కొన్నానో రుజువు చేయడం ఎంత కష్టమో వకీలుగారు నా ముఖం మీదే చెప్పారు.

పోయిన డబ్బు ఎలాగైనా రాబట్టాలన్న తొందరలో ఉన్న మనిషి కోసం రెండో వల కూడా సిద్ధంగా ఉంటుంది. నెల తిరగకుండానే ఒకరు ఫోను చేసి, నా నాయనమ్మ రూపాయికి లక్షన్నర ఇస్తామనీ, ముందుగా 2,500 రిజిస్ట్రేషన్ కట్టాలనీ, రిజర్వు బ్యాంకు అనుమతి ఉందనీ అన్నారు. 1901 రూపాయి ఏ సంతలోనైనా కనబడే సరుకే. రిజర్వు బ్యాంకు పేరు చెప్పి పాత నాణేల మీద కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నారని, తాము అలాంటి వ్యవహారాల్లో లేమని ఆ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రకటన ఇచ్చింది. నాకది తెలుసు. అయినా ఒక్క క్షణం చెయ్యి ఫోను మీదికి పోయింది. ఈసారి పక్కనే మా ఆవిడ ఉంది.

మన ప్రాంతంవారికి ప్రత్యేకంగా మరో మాట. భీమిలి దారిలోని తొట్లకొండ తవ్వకాల్లో శాతవాహనుల నాణేలూ రోమన్ వెండి నాణేలూ దొరికిన మాట నిజమే. ఆ పేరు వాడుకుని 'అక్కడి పొలంలో దొరికింది' అంటూ సీసం నాణేలు చూపేవారు ఉంటారు. అది నకిలీ అయితే డబ్బు పోతుంది, నిజమైతే ఇంకా చిక్కు. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దొరికిన పది రూపాయలకు మించిన నిధిని కలెక్టరుకు తెలపాలి, వందేళ్లు దాటిన నాణేలకు 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా వర్తిస్తుంది. 'రహస్యంగా ఉంచండి' అన్న మాట ఇక్కడా వినబడుతుంది.

చీటీకి ఇంకా ఐదు నెలల వాయిదాలున్నాయి. ఆ ఐదూ పూర్తిగా నా ఓవర్‌టైం నుంచి కడుతున్నాను. ఆమె వాటా 2,000 అమ్మాయి పేరున విడిగా వేస్తున్నాం, ఫీజుకు తగ్గిన మొత్తానికి మా బావమరిదిని అడిగాం. నాణేలకు నెలకు వెయ్యి అని ఆమే పద్దుపుస్తకంలో ఒక గడి గీసింది. సున్నా వేసి గడి ఎత్తేస్తుందనుకున్నాను, వెయ్యి చూసి నేనే నోరెళ్లబెట్టాను.

పోతపోసిన నకిలీలు ఒకే అచ్చులోంచి పదుల సంఖ్యలో వస్తాయి, అచ్చులోని లోపం ప్రతిదాని మీదా పడుతుంది. కాబట్టి నా చేతిలో ఉన్నదాని గుర్తులు రాస్తున్నాను. నాణెం మీది '1939' అంకెల్లో 3 పైకొనకు ఎడమగా ఆవగింజలో సగమంత గుంట ఉంది. రాజుగారి చెవి వెనక జుట్టు పాయలు కలిసిపోయి ముద్దగా ఉన్నాయి. అంచు మీద గీతలు పదునుగా లేవు, వాటి మధ్యగా చుట్టూ సన్నని అతుకు గీత ఆకురాయితో రుద్దినా పూర్తిగా పోలేదు. ఈ మూడు గుర్తులూ ఉన్న రూపాయి మీ ముందుకొస్తే, ఏ ఊరి మనిషి ఏ తాతగారి పేరు చెప్పి చూపినా, అది నా రూపాయికి తోబుట్టువే.