త్రోఅవే ఓవర్‌స్వే: ప్రామెనాడ్ నుంచా, రివర్స్ టర్న్ నుంచా?

జంటగా చేసే వాల్ట్జ్ నృత్యంలో త్రోఅవే ఓవర్‌స్వే అనే ఈ భంగిమకు ప్రామెనాడ్ నుంచి గానీ, రివర్స్ టర్న్ నుంచి గానీ రావచ్చు. ఏ దారిన వచ్చినా, చివరికి అనుసరించేవారు కుడికాలిపై నిలిచి ఎడమకాలిని శరీరం కిందుగా వెనక్కి చాస్తారు.

ప్రామెనాడ్‌లో ఇద్దరూ తాము వెళ్లే దిక్కునే చూస్తారు కనుక నేర్చుకోవడం తేలిక, ఇతర జంటలను ఢీకొనే ప్రమాదమూ తక్కువ. అయితే అనుసరించేవారి తల కుడి నుంచి ఎడమకు మారాలి. దాన్ని చేతితో తోసి రప్పించడం తరచుగా జరిగే పొరపాటు. నడిపించేవారు ఎడమ మోకాలిని వంచుతూ తమ శరీరాన్ని నిదానంగా ఎడమకు తిప్పితే ఆ తల సహజంగానే తిరుగుతుంది, నా దృష్టిలో ఈ భంగిమ అందమంతా ఆ మలుపులోనే ఉంది.

రివర్స్ టర్న్‌లో, అంటే ఎడమవైపు తిరిగే మలుపులో, అనుసరించేవారి తల ముందే ఎడమకు ఉంటుంది. కానీ నిమిషానికి 28 నుంచి 30 బార్ల (ఒక్కో బారుకు మూడు తాళపు దెబ్బలు) సంగీతంలో తిరిగే వేగాన్ని అణచుకోవడానికి వ్యవధి కొద్దిగానే దొరుకుతుంది, తూకం తప్పే ప్రమాదం ఎక్కువ.

కొత్త జంటకూ, రద్దీగా ఉన్న వేదికకూ ప్రామెనాడ్ తగినది. వేగం అదుపులో ఉన్న జంటకు, ఖాళీ మూల దొరికినప్పుడు, రివర్స్ టర్న్ మేలు.