మేడ మీద వాటర్‌ప్రూఫ్ కోటింగు: ఆరేళ్ళు వాడాక చెప్తున్నా

మాది శ్రీకాకుళం జిల్లా, పలాసని ఆనుకునున్న కాశీబుగ్గ. శరదృతువంటే ఆశ్వయుజం, కార్తీకం, తెల్లటి మబ్బులు, పిండారబోసినట్టు వెన్నెల అని చిన్నప్పుడు పుస్తకంలో చదూకున్నాం గానీ, మా వైపు దసరా దగ్గర పడిందంటే కొత్త బట్టల కంటే ముందు టీవీలో అల్పపీడనం ఎక్కడుందో చూస్తాం. 2013లో ఫైలిన్ తుఫాను అక్టోబరు 12, 2014లో హుద్‌హుద్ మళ్ళీ అక్టోబరు 12నే, 2018లో తిత్లీ అక్టోబరు 11. ఇంకేం చెప్పాలి. అందుకని వినాయకుణ్ణి నిమజ్జనం చేసొచ్చిన మర్నాటి నుంచే మా ఇంట్లో మేడ పనులు మొదలైపోతాయి.

ఈ రివ్యూ మేడ మీద వేసే తెల్ల కోటింగు గురించి. బకెట్లో పెయింటులా వస్తుంది, ఎండాక రబ్బరులా సాగుతుంది చూడండి, అది. యాక్రిలిక్ రకం. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే రెండుసార్లు రెండు కంపెనీలవి వేశాను, ఒకటి ఫెయిలు ఒకటి పాసు, కానీ తేడా కంపెనీలో లేదని నాకు డబ్బులు వదిలాకే తెలిసింది.

2006లో నాన్న కట్టించిన ఇల్లు, 900 చదరపు అడుగుల శ్లాబు, వెనకాల వంటింటికి ఆనుకుని రేకుల పంచ. తిత్లీ తెల్లారుజామున ఇక్కడే పలాస దగ్గర తీరం దాటింది కదా, ఆ రోజు మా రేకులు సగం పక్కింటోళ్ళ కొబ్బరిచెట్ల మధ్య దొరికాయి, మిగతా సగం ఇప్పటిదాకా దొరకలేదు. శ్లాబుకి మాత్రం ఏం కాలేదనుకున్నాం. మూడోరోజు పొద్దున్న హాల్లో దేవుడి పటం పైన టీ ఒలికినట్టు మరక కనపడింది, అమ్మ స్టూలెక్కి గుడ్డతో తుడిచింది, పోలేదు. వారానికి అది చాపంత అయ్యింది, వేలు పెడితే సున్నం పిండిలా రాలేది, ఓ రాత్రి అన్నాలు తింటుంటే పెచ్చు ఊడి నా కంచం పక్కనే పడింది. ఇంక నేను ఊరుకోలేదు. ఊరుకోలేదంటాను గానీ డబ్బులు కుదిరి పని మొదలెట్టింది 2019 సెప్టెంబరులో, అదే మొదటి తప్పు.

షాపతను "900 అడుగులే కదన్నా, ఒక్క 20 లీటర్ల బకెట్టు సరిపోద్ది, కొంచెం నీళ్ళు కలుపుకోండి" అన్నాడు. ఆ కొంచెం ఎంతో పనోళ్ళకి ఎవరూ చెప్పలేదు, వాళ్ళు మజ్జిగ చేసినట్టు చేశారు. రెండు రోజులు ఎండ కాసింది, శ్లాబు చూడ్డానికి తెల్లగా పొడిగా ఉంది, పాచి మీద చీపురుతో ఓ దులుపు దులిపి రోలరు ఆడించేశారు. సాయంత్రానికి మేడ మల్లెపువ్వులా మెరిసిపోతుంటే ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాను కూడా, సిగ్గులేకుండా.

తర్వాతి వేసవికి కోటింగు మీద బుడగలు. ఒకటి రెండు కాదు, పూరీలు పొంగినట్టు మేడంతా. ఒకదాని మీద బొటనవేలు పెట్టి నొక్కితే మెత్తగా అటూ ఇటూ కదిలింది, స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపల్నుంచి వేడి నీళ్ళొచ్చాయి. ఏప్రిల్లో! మూడు వారాల నుంచి చినుకు లేదు, ఆ నీళ్ళు ఎక్కడివంటే అవి కిందటి సెప్టెంబరువి. శ్లాబు పైపైన ఆరింది గానీ లోపల చెమ్మ అలాగే ఉండిపోయింది, దాని మీద మనం రబ్బరు మూత వేసేశాం, ఎండకి ఆ చెమ్మ ఆవిరై పైకి రావాలని చూస్తే దారి లేక కోటింగునే లేపేసింది. పాచి ఉన్న చోట్లైతే మరీ ఘోరం, గోటితో లాగితే నానబెట్టిన మినపపప్పు పొట్టు ఊడినట్టు ఊడొచ్చేసింది. బకెట్టు మీద పెద్దక్షరాల్లో ఉన్న గ్యారంటీ గురించి అడిగితే "పని చేసినోళ్ళ తప్పు, మెటీరియల్ తప్పు కాదు" అన్నారు. నిజం చెప్పాలంటే ఆ మాట కరెక్టే, కానీ నీళ్ళు కలపమన్నది ఎవరయ్యా అని నేనూ గట్టిగానే అడిగొచ్చాను.

2021 ఏప్రిల్లో రెండోసారి. ఈసారి మందస వైపు నుంచి ఓ పెద్దాయన తాపీమేస్త్రి దొరికాడు. వచ్చీరాగానే బకెట్టు వైపే చూళ్ళేదు, మేడంతా చెప్పుల్లేకుండా తిరిగి, "కెమికల్ సంగతి తరవాత బావూ, ముందు నీ శ్లాబుని ఆరనీ" అన్నాడు. పాత కోటింగు, పాచి వైరు బ్రష్షుతో గీకి కడగడానికే రెండు రోజులు. తర్వాత నాలుగు రోజులు ఊరికే ఎండబెట్టాడు, నాకేమో కూలి లెక్క గుర్తొస్తోంది. ఆయన చేసిన పరీక్ష ఒకటి నాకు భలే నచ్చింది: మూరెడు పారదర్శకపు ప్లాస్టిక్ కవరు శ్లాబు మీద పరిచి నాలుగు వైపులా టేపు అంటించి ఓ రాత్రి వదిలేశాడు, తెల్లారి చూస్తే కవరు లోపలి వైపు సన్నగా చెమట పట్టినట్టు చుక్కలు. "ఇంకా ఉంది, సూడు" అని మళ్ళీ రెండు రోజులు ఆపాడు. రెండోసారి కవరు పొడిగా ఉంది, అప్పుడు డబ్బా మూత తీశాడు. ఈ ఒక్క ముక్క 2019లో ఎవరన్నా చెప్పుంటే నాకు ఓ బకెట్టు డబ్బులు మిగిలేవి.

పగుళ్ళని ఉలితో కొంచెం వెడల్పు చేసి పూడ్చాడు, పైన జాలీగుడ్డ అంటించాడు. పిట్టగోడా శ్లాబూ కలిసే మూల చుట్టూ సిమెంటుతో గుండ్రంగా పట్టీ తీశాడు, ఎందుకంటే ఉరుపు సగం అక్కడి నుంచేనట. మొదటి కోటు నీళ్ళు కొలిచి కలిపి పలచగా, రెండోది నీళ్ళు కలపకుండా పొడుగ్గా, మూడోది అడ్డంగా, పిట్టగోడ మీదకి కూడా ఓ అడుగు ఎత్తు దాకా. మధ్యాహ్నం ఎండలో రోలరు ముట్టనివ్వలేదు, పొద్దున్నా సాయంత్రమే పని. మొత్తం రెండు 20 లీటర్ల బకెట్లు, ఇంకో 4 లీటర్ల డబ్బా పట్టింది. అంటే లీటరుకి 20 అడుగులు, అటూ ఇటూగా. మీ షాపతను లీటరుకి 45 అడుగులొస్తాయంటే నవ్వి ఊరుకోండి. అప్పట్లో మెటీరియలు, కూలి అన్నీ కలిపి 24 వేలు దాటింది. నాన్న అయితే "మా కాలంలో సున్నంలో కరక్కాయ నీళ్ళూ బెల్లం నీళ్ళూ కలిపి డాబాలేసేవోళ్ళు, ఇవన్నీ ఏటి" అని రోజూ కుర్చీ వేసుకుని అదే పాట.

పరీక్ష ఎంతో దూరం లేదు. ఆ సెప్టెంబరు 26 ఆదివారం గులాబ్ తుఫాను, కళింగపట్నానికి ఉత్తరాన తీరం దాటింది, తిత్లీ అంత గాలి కాదు గానీ వాన మాత్రం రాత్రంతా కుండపోత. కరెంటు లేదు, అమ్మ టార్చి పట్టుకుని గంటకోసారి హాల్లో పైకి చూస్తూ తిరిగింది. ఒక్క చుక్క లేదు. తెల్లారి గోడ తడిమి చూసి "పోన్లే" అంది, ఆవిడ నోట అదే ఫైవ్ స్టార్.

కానీ 2022లో మళ్ళీ నీళ్ళొచ్చాయి, ఇక్కడే అసలు కథ. కొత్త రేకుల పంచ ఎగరకుండా దాని మీద ఇసక బస్తాలు పెట్టాం, ఊళ్ళో అందరూ పెట్టినట్టే, ఖాళీ ఉంది కదా అని మిగిలిన నాలుగు మేడ మీద ఓ మూల ఉంచాం. ప్లాస్టిక్ సంచి ఎండకి ఏడాదిలో పెళుసైపోతుందని మాకు తెలీదా అంటే తెలుసు, పట్టించుకోలేదు. సంచులు చిరిగి ఇసకంతా జారి తూము దగ్గర చేరింది, దాని మీద పక్కింటి కొబ్బరి పూత, వేపాకులు, ఒక వాన పడగానే మూతి బిగుసుకుపోయింది. నేను మేడెక్కేసరికి నీళ్ళు చీలమండల దాకా ఉన్నాయి. కోటింగు కారలేదు, కానీ నీళ్ళు మెట్ల గది గడప దాటి మెట్ల మీద జలపాతంలా దిగిపోయి బియ్యం బస్తా తడిపేశాయి. చెయ్యి పెట్టి తూములోంచి గుప్పెడు ఇసకా ఆకుల ముద్దా లాగాను, గుడగుడమని శబ్దం చేసి పది నిమిషాల్లో మేడ ఖాళీ. 24 వేల కోటింగు, దాన్ని ఓడించింది గుప్పెడు ఆకులు! అప్పట్నుంచీ తూముకి 60 రూపాయల జాలీ పెట్టాను, వానాకాలంలో ఆదివారం ఆదివారం చెయ్యి పెట్టి తీస్తాను.

నాలుగేళ్ళు దాటాక ఇప్పుడు ఎలా ఉందంటే, తెలుపు పోయి బూడిద రంగుకొచ్చింది, మొదటి రెండు వేసవులు మేడ కింద గది నిజంగానే చల్లగా అనిపించింది, ఇప్పుడు దుమ్ము పట్టి ఆ తేడా సగమే, కడిగితే కొంచెం తిరిగొస్తుంది. నడిస్తే ఏం కాదు. మంచం ఈడిస్తే మాత్రం చీరుకుపోతుంది, మా తమ్ముడు నవారు మంచం ఈడ్చిన గీత ఇప్పటికీ ఉంది, దాని మీద మిగిలిన కెమికల్తో నేనే అతుకేశాను. మిరపకాయలు, వడియాలు తిన్నగా దాని మీద ఎండబెట్టకండి, చీర పరుచుకోండి. తడిసినప్పుడు పాచి పడితే జారుతుంది, పెద్దోళ్ళుంటే జాగ్రత్త. ఈశాన్యం మూల పిట్టగోడ పట్టీ దగ్గర ఓ జానెడు మేర లేవడం మొదలెట్టింది, నేను గమనించిన ఒకే ఒక్క లోపం అదే.

తుఫానుకని ఇంట్లో చేసుకున్న మిగతా ఏర్పాట్ల గురించి రెండు ముక్కలు, అడిగేవాళ్ళుంటారు కాబట్టి. రేకులకి జే హుక్కులు (రేకుని గొట్టానికి బిగించే కొక్కేలు), తారు వాషర్లు వేయించాం, ప్రతి ఇనప గొట్టం మీదా, గులాబ్‌కి కదల్లేదు, ఇసక బస్తాల కంటే నూటికి నూరుపాళ్ళు నయం. ఇన్వర్టరు 150 ఏహెచ్ బ్యాటరీది, రెండు ఫ్యాన్లు నాలుగు బల్బులు వేసుకుంటే మాకు ఆరేడు గంటలు, మామూలు కోతలకి బంగారం. తుఫానుకి మాత్రం దాన్ని నమ్ముకోకండి, తిత్లీకి మా వీధికి కరెంటు 9 రోజులు రాలేదు, ఇన్వర్టరుతో బోరు మోటారు తిరగదు, అసలు ఏడిపించింది చీకటి కాదు నీళ్ళు. అందుకే తుఫాను హెచ్చరిక రాగానే కరెంటు ఉండగానే పైన ట్యాంకు నిండా పట్టేస్తాం. 1000 లీటర్లంటే టన్ను బరువు, ట్యాంకు కూడా కదలదు. మా ఎదురింటోళ్ళ ట్యాంకు తిత్లీ రోజు ఖాళీగా ఉంది, రెండు వీధుల అవతల జీడి బట్టీ గోడకి ఆనుకుని దొరికింది.

ఇక కోటింగుకి నా మార్కులు ఐదుకి నాలుగు, మార్చి ఏప్రిల్లో వేయిస్తేనే. సెప్టెంబరులో ఇది చదివి రేపే బకెట్టు కొనేద్దామనుకుంటే నాలా బుడగలు పొడుచుకుంటారు. ఈ సీజనుకి తూములు తీయండి, పగుళ్ళు కనపడితే తాత్కాలికంగా పూడ్చండి, మరీ ఉరుస్తుంటే టార్పాలిను కప్పి అంచుల మీద ఇటుకలు పెట్టండి, వేసవి దాకా ఓపిక పట్టండి.

ఈశాన్యం మూల మాకు మార్చిలో చేస్తానని మేస్త్రి మాటిచ్చాడు. దాని కింద హాల్లో అమ్మ అప్పుడే ఓ స్టీలు బకెట్టు పెట్టేసింది. ఇంకా ఉరవలేదమ్మా అంటే, "ఉంటే నీకేటి బరువు" అంటంది.