డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఐదో ఎడిషన్: రోజుకు ఎన్ని ఫైట్లు, ఎప్పుడు నిద్ర?

నల్లగొండలో గానీ పాలమూరులో గానీ నలుగురు కలిసి పాత్రలు ధరించి పాచికలు వేస్తూ కథ నడిపే ఈ ఆట మొదలుపెడదామంటే ముందు భయపెట్టేది పుస్తకాల లావు. ఆ భయం అక్కర్లేదు. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌కు బేసిక్ రూల్స్ ఉచిత పీడీఎఫ్‌గా ఉన్నాయి. మనం ఆడే పాత్రలు ఫైటర్ (యోధుడు), రోగ్ (దొంగ), క్లెరిక్ (పూజారి), విజార్డ్ (మాంత్రికుడు) నలుగురూ అందులోనే దొరుకుతారు. ఆట నడిపే డీఎం (డంజన్ మాస్టర్) ఒక్కరు శ్రద్ధగా చదివితే చాలు, మిగతావాళ్లు ఆడుతూ నేర్చుకుంటారు.

మూల సూత్రం తేలిక. ఇరవై ముఖాల పాచిక వేస్తాం, బోనస్ కలుపుతాం, కావలసిన అంకె అందిందా లేదా చూస్తాం. పరిస్థితి మనకు కలిసొస్తే రెండుసార్లు వేసి పెద్దది తీసుకుంటాం. దీన్ని అడ్వాంటేజ్ అంటారు. 11 పడాల్సిన చోట గెలుపు అవకాశం 50 శాతం నుంచి 75కు పోతుంది. 20 పడితేనే అయ్యే పనికి మాత్రం 5 నుంచి 9.75కే పెరుగుతుంది. చేతనయ్యే పనికి గట్టి సాయం, అసాధ్యానికి నామమాత్రం. ఇంత చిన్న నియమంతో ఇంత పని చేయించడం ఈ ఎడిషన్‌లో అన్నిటికంటే నాకు నచ్చింది.

పాచికల సెట్ లేకపోతే హౌసీ డబ్బాలోంచి 1 నుంచి 20 దాకా బిళ్లలు ఏరి ఒక సంచిలో వేయండి. ఎనిమిది ముఖాల పాచికకు 1 నుంచి 8, పన్నెండు ముఖాలదానికి 1 నుంచి 12. తీసిన బిళ్లను తిరిగి సంచిలో వేసి కలిపాకే రెండోది తీయాలి. లేకపోతే అదే అంకె మళ్లీ వచ్చే వీలుండదు, లెక్క తప్పుతుంది.

చిక్కంతా మంత్రాల దగ్గరుంది. అనుభవంతో ఐదో లెవెల్‌కు ఎదిగిన విజార్డ్‌కు రోజుకు మూడు స్థాయుల మంత్రాలకు 4, 3, 2 చొప్పున మొత్తం 9 స్లాట్లు, అంటే మంత్రం వేసే అవకాశాలు. ఒక్కో మంత్రానికి దూరం వేరు, వ్యవధి వేరు, తప్పించుకునే పద్ధతి వేరు. పాత పెళ్లి పత్రికలు కత్తిరించి వెనకవైపు మంత్రానికొక కార్డు రాసుకుంటే టేబుల్ దగ్గర పేజీలు తిప్పే పని తప్పుతుంది. మొదటిసారి ఆడేవాళ్లకు ఫైటర్‌ను ఇవ్వండి.

బ్యాలెన్స్ మాటకొస్తే, మొదటి లెవెల్ నలుగురి ముందు గాబ్లిన్లనే పొట్టి రాక్షసులను నాలుగింటిని పెట్టండి. ఒక్కోటి 50 ఎక్స్‌పీ (శత్రువు ఎంత గట్టిదో చెప్పే పాయింట్లు), మొత్తం 200. మూడు నుంచి ఆరు శత్రువులుంటే రెట్టింపు చేయాలన్నది నియమం కాబట్టి 400. నలుగురికీ అదే 'డెడ్లీ', అంటే ప్రాణాపాయం గీత. ఆ గీత ఊరికే పెట్టలేదు. గాబ్లిన్ దాడికి +4, దెబ్బ సగటు 5.5. ఏసీ (దెబ్బ తగలాలంటే అందాల్సిన అంకె) 12, హెచ్‌పీ (ప్రాణం పాయింట్లు) 8 ఉన్న విజార్డ్ మీద నాలుగూ ఎగబడితే ఒక్క రౌండ్‌లో సగటున 14 దాటి తగులుతుంది, మనిషి కూలిపోతాడు. పైగా గాబ్లిన్ ప్రతి వంతులోనూ దాక్కోగలదు. దాక్కుని కొడితే అడ్వాంటేజ్, తగిలే అవకాశం 65 శాతం నుంచి 88 దాకా పోతుంది. కొత్త డీఎంలు ఆ రెట్టింపు మరిచిపోయి "200 అంటే మీడియమే కదా" అనుకుంటారు. మొదటి ఆటలో రెండు గాబ్లిన్లు చాలు.

అసలు లోపం ఒక్క ఫైట్‌లో కనపడదు. ఆటలోని ఒక రోజుకు 6 నుంచి 8 ఫైట్లు, మధ్యలో రెండు చిన్న విశ్రాంతులు ఉంటాయన్న అంచనా మీద ఈ ఎడిషన్ నిలబడింది. మనం ఆదివారం మూడు గంటలు కూర్చుంటే ఒకటో రెండో అవుతాయి. అప్పుడు విజార్డ్ స్లాట్లు దాచుకోవాల్సిన పని లేదు. మొదటి రౌండ్‌లోనే ఫైర్‌బాల్ మంత్రం వేస్తాడు: 8డి6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది), సగటు 28, గళ్ల నోటుబుక్కులో గడికి 5 అడుగులు లెక్కన నాలుగు గళ్ల వ్యాసార్ధంలో ఉన్నవాళ్లందరికీ. పక్కన ఫైటర్ రెండు దెబ్బలు కొట్టి 22 చేస్తే అదే ఎక్కువ, అదీ రెండూ తగిలితే. వార్లాక్ అనే ఇంకో రకం మాంత్రికుడి పరిస్థితి ఇంకా అన్యాయం. ఐదో లెవెల్‌లో రెండే స్లాట్లు, కానీ గంటసేపు చిన్న విశ్రాంతితోనే తిరిగొస్తాయి. రెండు విశ్రాంతులుంటే ఆరు మంత్రాలు, ఒక్కటీ లేకపోతే రెండే.

దీనికి మందు డీఎం గైడ్‌లోనే ఉంది: చిన్న విశ్రాంతికి గంట బదులు 8 గంటలు, స్లాట్లన్నీ నింపే పెద్ద విశ్రాంతికి రాత్రి నిద్ర బదులు 7 రోజులు. దేవరకొండ ఖిల్లాను నక్షగా పెట్టుకున్నారనుకోండి. దర్వాజ దగ్గర ఒక ఫైట్, పైన కోనేటి గట్టు మీద ఒకటి, ఆ రాత్రి బురుజు కింద పడక, తెల్లారి ఇంకో రెండు. నల్లగొండకు తిరిగొచ్చి వారం ఉంటేనే స్లాట్లన్నీ నిండుతాయి. ఒక రోజుకని అంచనా వేసిన ఆరు ఫైట్లు ఇలా నాలుగు ఆదివారాలకు సర్దుకుంటాయి, ఫైటర్‌కు మళ్లీ విలువొస్తుంది. ఒక నష్టముంది: 8 గంటలు నిలిచే మేజ్ ఆర్మర్ అనే రక్షణ మంత్రానికి రోజుకొక స్లాట్ పోతుంది. దాని వ్యవధిని మూడు రోజులు చేయండి, విజార్డ్ ఆడేవాళ్లకు ముందే చెప్పండి.

2024 సవరణలో ఆ రెట్టింపు లెక్క తీసేశారు. నలుగురికి 400 ఎక్స్‌పీ పై గీత అలాగే ఉంది కాబట్టి ఇప్పుడు కాగితం మీద ఎనిమిది గాబ్లిన్లకు చోటుంది. లెక్క సులువైంది గానీ మొదటి లెవెల్‌లో అది నమ్మదగ్గది కాదు. ఇప్పటికే 2014 పుస్తకాలుంటే కొత్తవి కొనకుండా వాటితోనే ఆడండి.