సీల్డ్ పీస్ అని చెప్పి వాడేసిన ఆడియో ఇంటర్‌ఫేస్ అంటగట్టారు – కోఠీ వెళ్లేవాళ్లు జాగ్రత్త

ఇప్పుడే ఇంటికొచ్చాను. అన్నం కూడా తినలేదు. కోపం చల్లారాక రాస్తే మరీ మర్యాదగా రాస్తానేమోనని ఇప్పుడే రాసేస్తున్నా.

కోఠీలో మెట్లెక్కి పోయే ఆ కొట్టు. ఇంట్లో స్టూడియో పెట్టుకున్నవాళ్లకి వేరే గుర్తులు చెప్పక్కర్లేదు. "మీరు ఆర్టిస్టు కదా మేడం, మీకు ఆర్టిస్టు రేటు" అంటాడే, ఆ మనిషే. పేరు రాయను. రాస్తే పరువు నష్టం దావా వేస్తానని నేను మెట్లు దిగుతుంటే వెనకనుంచి అరిచి మరీ చెప్పాడు. ఆయనకి పరువు కూడా ఉందని నాకు అప్పుడే తెలిసింది.

సంగతి ఇది. నేను ఆడియో కథలు చదువుతాను, అప్పుడప్పుడు ప్రకటనలకి గొంతిస్తాను. ఇన్నాళ్లూ షూర్ ఎస్ఎం58 అనే చేతి మైకుతోనే నెట్టుకొచ్చాను. మా పెద్దమ్మ కొడుకు దుబాయ్ వెళ్తూ తన రోడ్ ఎన్‌టీ1-ఏ మైకు నాకిచ్చి పోయాడు. అది కండెన్సర్ మైకు, ఫాంటమ్ పవర్ (మైకు కేబుల్లోంచే పంపే 48 వోల్టుల కరెంటు) ఇవ్వకపోతే పలకదు. నా పాత ఇంటర్‌ఫేస్ (మైకుని లాప్‌టాప్‌కి కలిపే పెట్టె) యూఎస్‌బీ పోర్టు వదులైపోయి మాటిమాటికీ కట్ అవుతోంది. అందుకని కొత్తది కావాల్సొచ్చింది. ఆన్‌లైన్‌లో కొంటే తేడా వచ్చినప్పుడు ఎవరిని పట్టుకుంటాం, కొట్టులో అయితే మనిషి ఎదురుగా ఉంటాడు కదా అని కోఠీ వెళ్లా. మనిషి ఎదురుగానే ఉన్నాడు, ఆ విషయంలో ఏ లోటూ చేయలేదు.

ధర 14 వేల చిల్లర. బిల్లు అడిగితే "బిల్లు కావాలంటే 18 శాతం ఎక్స్‌ట్రా అయితది మేడం" అన్నాడు. ఎంఆర్‌పీ అంటేనే అన్ని పన్నులూ కలిపిన ధర, దాని మీద మళ్లీ జీఎస్టీ ఏంటని వాదించాల్సింది. వాదించలేదు. 'ఎస్టిమేట్' అని అచ్చేసి ఉన్న పసుపు చీటీ మీద గీకి ఇచ్చాడు. ఫోన్‌పే చేస్తే కొట్టు పేరు కాకుండా వేరే ఎవరిదో పేరు వచ్చింది. "మా బామ్మర్ది అకౌంటే మేడం, మీరేం టెన్షన్ పడకండి" అన్నాడు. సరే, వాళ్ల బామ్మర్ది చల్లగా ఉండాలని డబ్బు పంపేశా.

ఇక టెస్టింగ్. ఇది మాత్రం జాగ్రత్తగా చదవండి, అసలు మోసం అంతా ఇక్కడే ఉంది. కుర్రాడు డబ్బా విప్పి, ఇంటర్‌ఫేస్‌ని కొట్టు లాప్‌టాప్‌కి తగిలించి, వాళ్ల డెమో మైకు గుచ్చి "హలో చెక్, హలో చెక్" అన్నాడు. హెడ్‌ఫోన్స్‌లో శుభ్రంగా వినపడింది. వాళ్ల డెమో మైకు డైనమిక్ మైకు. దానికి ఫాంటమ్ పవర్ అక్కర్లేదు. ఫాంటమ్ చచ్చి ఊరుకున్నా దాంట్లో గొంతు బ్రహ్మాండంగా వస్తుంది. నాది కండెన్సర్ అని ముందే చెప్పాను, ఏదైనా కండెన్సర్ పెట్టి చూపించమన్నాను. ఓనరు తనే వచ్చి 48వి బటన్ నొక్కి, "చూశారా మేడం, ఎర్ర లైటు వెలిగింది. వెలిగిందంటే పవర్ పోతున్నట్టే" అన్నాడు. ఆ లైటు చెప్పేది బటన్ నొక్కారని మాత్రమే. పిన్ను దగ్గర ఎన్ని వోల్టులు వస్తున్నాయో దానికేం తెలుసు? ఇన్నేళ్లుగా మైకు ముందు కూర్చునేదాన్ని, నేనూ ఆ ఎర్ర లైటు చూసి తలూపాను.

ఇంటికొచ్చి ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, పై ఇంటివాళ్ల కుక్కర్ కూతలన్నీ అయ్యాక రికార్డు చేస్తే గొంతు ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టు, వెనక ఒకటే సర్రుమనే మోత. మధ్యమధ్యలో చిటపటలు. ఎన్‌టీ1-ఏ సొంత నాయిస్ (మైకు తనంతట తను చేసే మోత) 5 డెసిబెల్స్ అని కంపెనీ లెక్క, అంటే మైకుల్లో అంత నిశ్శబ్దంగా ఉండేవి తక్కువే. ఆడియో పుస్తకాలు తీసుకునే ఏసీఎక్స్ లాంటి సైట్లలో నాయిస్ ఫ్లోర్ (మాట లేనప్పుడు వెనక వినపడే మోత) మైనస్ 60 డెసిబెల్స్‌కి దిగువన ఉండాలంటారు. నాది మైనస్ 40 దగ్గర కూర్చుంది, కిందకి దిగనంటోంది.

ఎర్తింగ్ సమస్యేమోనని ముందు మా ఇంటినే అనుమానించాను. లాప్‌టాప్ చార్జర్ పీకేసి ఉత్త బ్యాటరీ మీద నడిపి చూశా. ఇంటర్‌ఫేస్‌కి కరెంటు యూఎస్‌బీ నుంచే వస్తుంది కాబట్టి ఇక గోడ ప్లగ్గుతో సంబంధమే లేదు. అయినా అదే మోత. కేబుల్ మార్చాను, అదే మోత. మైకుని కృష్ణానగర్‌లో డబ్బింగ్ స్టూడియో చూసుకునే తెలిసిన అన్న దగ్గరికి తీసుకెళ్లి ఆయన ఇంటర్‌ఫేస్‌కి పెడితే ముత్యంలా పలికింది. నా ఇంటర్‌ఫేస్‌ని ఆయన మల్టీమీటర్‌తో చూశారు. ఎక్స్‌ఎల్‌ఆర్ అనే మూడు పిన్నుల మైకు సాకెట్లో 1వ పిన్నుకీ 2వ పిన్నుకీ మధ్య ఒకసారి, 1కీ 3కీ మధ్య ఒకసారి. 48 వోల్టులు రావాలి, 44 నుంచి 52 దాకా ఎంతున్నా పర్లేదట. నాది 20 దగ్గర ఊగుతోంది. ఎర్ర లైటు మాత్రం దేదీప్యమానంగా వెలుగుతోంది.

"అమ్మా, ఇది కొత్తదేనా?" అని ఆయన అడిగేదాకా నాకు ఆ అనుమానమే రాలేదు. అక్కడే కూర్చుని కంపెనీ సైట్‌లో సీరియల్ నంబరు కొట్టా. ఆల్రెడీ రిజిస్టర్ అయిపోయిందట. దాంతోపాటు ఉచితంగా రావాల్సిన సాఫ్ట్‌వేర్ అంతా ఎవరో మహానుభావుడు ఎప్పుడో తీసేసుకున్నాడు. డబ్బా మీద స్టిక్కర్ నంబరు చూస్తే, ఇంటర్‌ఫేస్ అడుగున ఉన్న నంబరు అది కానే కాదు. డబ్బాలో అట్ట మడత పైకెత్తితే లోపల తెల్ల టేపు ముక్క. దాని మీద నీలం పెన్నుతో తెలుగులో రాసుంది: 'సౌండ్ తక్కువ, రిటర్న్'.

అంటే ఎవరో కొన్నారు, ఇదే గోల పడ్డారు, తిరిగిచ్చారు. ఈయన దాన్ని వేరే డబ్బాలో పెట్టి, పైన కొత్త టేపు వేసి, 'సీల్డ్ పీస్' అని నా చేతిలో పెట్టాడు. కంపెనీని ఒక్క మాట అనను, వాళ్ల తప్పేం లేదు.

ఈ రోజు పొద్దున కొట్టు తీసేసరికి వెళ్లా. అగరబత్తి తిప్పుతున్నాడు. డబ్బా చూడగానే "బోణీ కాలేదు మేడం, పొద్దుగాల రిటర్న్ ముచ్చట పెట్టకండి" అన్నాడు. సరేనని స్టూలు మీద కూర్చున్నా. బోణీకి ఒక కాలేజీ కుర్రాడు దొరికాడు. వాడికి బీఎం-800 మైకు, వీ8 సౌండ్ కార్డు కాంబో "సేమ్ స్టూడియో క్వాలిటీ" అని కట్టబెట్టాడు. హెడ్‌ఫోన్ పిన్ను లాంటి 3.5 ఎంఎం పిన్నులో వచ్చే నాలుగైదు వోల్టుల మీద నడిచే సరుకు అది. ఆ బాబుకి చెబుదామని నోటిదాకా వచ్చింది, నా పని చెడుతుందని మింగేశా. తమ్ముడూ, నువ్వు ఇది చదువుతుంటే ఏమీ అనుకోకు.

తర్వాత నా వంతు. "మీ ఇంట్ల ఎర్తింగ్ ఉండదు మేడం." బ్యాటరీ మీద నడిపానని చెప్పా. "అయితే మీ మైకు డూప్లికేట్." కృష్ణానగర్‌లో ఇదే మైకు పలికిందని చెప్పా. మల్టీమీటర్ వీడియో చూపిస్తే నా ఫోన్ చేతిలోకి తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, సాంతం చూసి "మీటర్ల సెల్లు అయిపోయినట్టుంది" అన్నాడు.

అప్పుడు అడిగాడు: "ఇంతకీ మీరేం చేస్తరు మేడం?" కథలు చదువుతానన్నా. కౌంటర్ మీద ఆ పాత డెమో మైకు నా వైపు తిప్పాడు. "ఏదీ, ఒక ముక్క చదువుండ్రి. తప్పు మైకుదో గొంతుదో ఇక్కడే తేలిపోతది." కుర్రాళ్లు ఇద్దరూ కిసుక్కున నవ్వారు. ఇంకో కస్టమర్ కూడా నవ్వాడు, ఆయనెవరో నాకు తెలియదు. కండెన్సర్ పెట్టు, చదువుతానన్నా. "డెమోకి కండెన్సర్ లేదు" అన్నాడు. ఆయన తల వెనక అరలో కండెన్సర్ మైకుల డబ్బాలు వరసగా నన్నే చూస్తున్నాయి.

ఇక ఆగలేక డబ్బా తెరిచి ఆ టేపు చూపించాను. ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. డబ్బా తన వైపు లాక్కున్నాడు. బొటనవేలి గోరుతో టేపు అంచు లేపాడు. అట్ట పొర కూడా కొంచెం ఊడివచ్చింది. నెమ్మదిగా మొత్తం పీకి, రెండు వేళ్ల మధ్య ఉండలా చుట్టి, కౌంటర్ కింద చెత్తడబ్బాలో పడేశాడు. డబ్బా మళ్లీ నా వైపు తోసి, "ఏ టేపు మేడం?" అన్నాడు.

ఇంతమంది ముందు, నా కళ్ల ముందే! డబ్బు పోయినందుకు కాదు, ఆ "ఏ టేపు మేడం?" అన్న మాటకి నాకు ఒళ్లు మండిపోయింది. నేను గొంతు లేపేసరికి, "అరె, ఎందుకు మేడం లొల్లి" అంటూ అరలోంచి షూర్ ఎస్ఎం58 డబ్బా తీసి, "ఇది ఫ్రీగా తీస్కపోండి, లెక్క సరి" అన్నాడు. చేతిలోకి తీసుకోగానే తెలిసిపోయింది. అసలు ఎస్ఎం58 బరువు 298 గ్రాములు, ఏళ్ల తరబడి చేత్తో పట్టుకున్నదాన్ని. ఇది బెండులా తేలిపోతోంది. 1966 నుంచి ప్రపంచమంతా వాడుతున్న మైకు కాబట్టి నకిలీలూ ప్రపంచమంతా ఉన్నాయి. మోసపోయానని గొడవకొచ్చిన మనిషికి నష్టపరిహారంగా ఇంకో నకిలీ ఇవ్వడం మాత్రం ఎక్కడా విని ఉండం. వద్దని వచ్చేశా. పరువు నష్టం దావా గురించి అరిచింది అప్పుడే.

ఆయనకి తెలియనిది ఒకటుంది. టేపు దొరికిన రోజే ఫొటో తీసి మా తమ్ముడికి వాట్సాప్‌లో పంపాను. తేదీతో సహా ఉంది. రెండు సీరియల్ నంబర్ల ఫొటోలూ ఉన్నాయి.

తమ్ముడు లాయరు కాదు కానీ ఇలాంటివి బాగా చదువుతాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని వెనక్కి తీసుకోనని డబ్బివ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి లేకపోతే 30 రోజుల లెక్క. బిల్లు ఇవ్వకపోవడం కూడా ఆ చట్టం కింద తప్పే. 'అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు' అని ఎర్ర అక్షరాలతో బోర్డు పెట్టుకున్నంత మాత్రాన లోపమున్న సరుకు మన నెత్తిన రుద్దడానికి లేదు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, మర్యాదగానే మాట్లాడి ఫిర్యాదు నమోదు చేసుకున్నారు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 5 లక్షల లోపు కొనుగోళ్లకి ఫీజు లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. పసుపు చీటీకి అక్కడ ఎంత విలువ ఇస్తారో చూడాలి. ఫోన్‌పే రికార్డులో బామ్మర్దిగారి పేరైతే భద్రంగా ఉంది.

కొనేవాళ్లకి రెండు ముక్కలు. డబ్బా నంబరూ వస్తువు అడుగున నంబరూ ఒకటేనా అని కౌంటర్ దగ్గరే చూడండి, డబ్బు పంపకముందే ఫోన్‌లో రిజిస్ట్రేషన్ అవుతుందో లేదో కనుక్కోండి. మీ కండెన్సర్ మైకు మీరే పట్టుకెళ్లి రెండు ఇన్‌పుట్లలోనూ పెట్టి వినండి, లైటు చూసి మోసపోకండి. ఫాంటమ్‌తో పనిలేని డైనమిక్ మైకు వాడేవాళ్లు గెయిన్ (ఇంటర్‌ఫేస్ గొంతుని ఎంత పెంచగలదో ఆ లెక్క) ఎంత వస్తుందో చూసుకోండి. షూర్ ఎస్ఎం7బీ లాంటి డైనమిక్ మైకుకి కనీసం 60 డెసిబెల్స్ కావాలని షూర్ వాళ్లే చెప్తారు, చిన్న ఇంటర్‌ఫేస్‌లు చాలా వాటికి అంత సత్తా ఉండదు. ఆ కొట్టులో మాత్రం "దానికి ఫాంటమ్ ఆన్ చేస్తే గట్టిగా వస్తది" అంటారు, నా చెవులారా విన్నా.

ఇంకొకటి. ఈమధ్య ఆ కొట్టులో ఇంటర్‌ఫేస్ కొని, సౌండ్ తక్కువగా ఉందని తిరిగిచ్చినవాళ్లు మీలో ఎవరైనా ఉంటే దయచేసి నాకు మెసేజ్ చేయండి. మీ పేరుతో రిజిస్టర్ అయిన సీరియల్ నంబరు, మీరు తిరిగిచ్చిన తేదీ చెబితే చాలు. నా ఫిర్యాదుకి అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.