విదేశాల్లో మొబైల్ డేటా: రోజువారీ ప్యాక్‌తో ఒకసారి, ఈ-సిమ్‌తో ఒకసారి

గత రెండు విదేశీ ప్రయాణాల్లో మొబైల్ డేటా కోసం నేను రెండు వేరు వేరు మార్గాలు ప్రయత్నించాను. మొదటి ప్రయాణం తొమ్మిది రోజులది. అప్పుడు నా సొంత ఆపరేటర్ ఇచ్చే రోజువారీ రోమింగ్ ప్యాక్ తీసుకున్నాను. రెండోది మూడు దేశాల మీదుగా సాగిన పదహారు రోజుల ప్రయాణం. దానికి విదేశాలకు వెళ్లేవారి కోసమే అమ్మే ఈ-సిమ్ (విడిగా కార్డు లేకుండా ఫోన్‌లోకే దింపుకునే సిమ్) డేటా ప్లాన్ కొనుక్కొని, పాత సిమ్‌ను ఓటీపీల కోసం మాత్రమే ఫోన్‌లో ఉంచుకున్నాను. ఖర్చులోనూ, నిశ్చింతలోనూ రెండో పద్ధతే మేలనిపించింది. అయితే అన్ని ప్రయాణాలకూ అదే సరిపోతుందని చెప్పలేను. ప్లాన్ ఎంచుకునేటప్పుడు చాలామంది ఒక జీబీకి ఎంత పడుతుందన్న ఒక్క అంకె చూసి కొనేస్తారు, నేనూ మొదట అలాగే కొన్నాను. రోజును ఎక్కడి నుంచి ఎక్కడి దాకా లెక్కిస్తారు, ప్యాక్‌లోకి ఏయే దేశాలు వస్తాయి, పరిమితి దాటాక ఏం చేస్తారు అన్న సంగతులే చివరికి బిల్లును తేలుస్తాయని తర్వాత తెలిసివచ్చింది.

రోజువారీ ప్యాక్‌లో ఉన్న పెద్ద సుఖం, ఫోన్‌లో దాదాపు ఏదీ మార్చనక్కరలేకపోవడం. అదే సిమ్, అదే నంబరు. డేటా రోమింగ్ ఆన్ చేసి ఉంటే చాలు. విమానం దిగగానే ఫోన్ అక్కడి నెట్‌వర్క్‌ను అందుకుంటుంది, స్వాగతం చెబుతూ ఒక సందేశం వస్తుంది, ఇంటర్నెట్ పనిచేయడం మొదలవుతుంది. నేను దిగింది సాయంత్రం. టాక్సీ కోసం ఓ పది నిమిషాలు ఇంటర్నెట్ వాడాను, రాత్రి గది వెతుక్కోవడానికి మరో పావుగంట మ్యాప్ చూశాను, గదికి చేరాక వైఫైకి మారిపోయాను. రెండు రోజుల తర్వాత ఖాతా చూసుకుంటే ఆ ఒక్క పూటకే రెండు రోజుల ఛార్జీ పడి ఉంది. ఆరా తీస్తే తేలిందేమిటంటే, ఆ ప్యాక్ లెక్కలో రోజంటే మొదటిసారి వాడినప్పటి నుంచి 24 గంటలు కాదు, స్వదేశ కాలమానం ప్రకారం అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా. నేను వెళ్లింది పడమటి దేశానికి కనుక, నాకు ఇంకా పొద్దుగూకిన కాసేపటికే స్వదేశంలో తేదీ మారిపోయింది. టాక్సీ పిలిచింది ఒక తేదీలో, మ్యాప్ తెరిచింది మరో తేదీలో. షరతుల్లో ఆ మాట ఉన్న మాట నిజమే. కానీ ధర పక్కనే కనిపించేలా చెప్పవలసిన విషయాన్ని ఎక్కడో అడుగున, చదవడానికే కష్టమయ్యే అక్షరాల్లో పెట్టడం కొనేవారికి న్యాయం చేయడం కాదు. అదే 24 గంటల లెక్క పాటించే ప్యాక్ అయితే నాకు ఒక రోజు ఛార్జీ మిగిలేది.

ఇలాంటి ప్యాక్‌లలో మరో చిక్కు కూడా ఉంది. చాలావరకు ఇవి మొదటి కొద్దిపాటి డేటా కదలగానే ఆ రోజుకు వాటంతట అవే మొదలవుతాయి. రోజంతా వైఫైలో ఉండి, సాయంత్రం నడకకని ఐదు నిమిషాలు వీధిలోకి వెళ్లినా, ఫొటోల బ్యాకప్పో, మెయిలో, వాతావరణం చూపించే యాపో తెర వెనుక కదిలితే చాలు, పూర్తి రోజు ఛార్జీ పడుతుంది. తొమ్మిది రోజుల్లో నాకు బయట ఇంటర్నెట్ నిజంగా అవసరమైనవి ఐదు రోజులే. చెల్లించింది మాత్రం తొమ్మిది రోజులకూ, దానికి తోడు ఆ మొదటి సాయంత్రం పడిన అదనపు రోజుకూ. అవసరం లేని రోజున డేటా రోమింగ్‌ను పూర్తిగా ఆపివేయాలన్న జాగ్రత్త నాకు ఆరో రోజున గానీ తట్టలేదు. అప్పటికి ఆపినా మిగిలిన రోజుల్లో ప్రయాణాలే ఉండడంతో ప్రయోజనం లేకపోయింది. అందుకే రెండు మూడు రోజుల పనికి ఈ ప్యాక్‌ను మించిన వీలు లేదంటాను గానీ, వారం దాటితే బిల్లు తడిసి మోపెడవుతుంది.

పరిమితి దాటాక ఏమవుతుందన్నది ప్రకటనల్లో ఎవరూ పెద్దగా చెప్పరు. అన్‌లిమిటెడ్ అని రాసిన ప్లాన్లలో అనేకం, రోజుకు ఇంత అని పెట్టిన హైస్పీడ్ డేటా అయిపోగానే వేగాన్ని సెకనుకు 128 కిలోబిట్లకో, దానికి కాస్త అటూ ఇటూగానో తగ్గించేస్తాయి. ఆ వేగం ఎలా ఉంటుందో లెక్క వేసి చూడండి. 128 కిలోబిట్లంటే సెకనుకు 16 కిలోబైట్లు. 3 ఎంబీల ఫొటో ఒక్కటి పంపడానికి ఏమీ ఆటంకం లేకపోయినా మూడు నిమిషాలకు పైనే పడుతుంది. మాటలు రాసి పంపుకోవచ్చు, మ్యాప్ మాత్రం ముక్కలు ముక్కలుగా తెరుచుకుంటూ, మనం మలుపు దాటిపోయాక మలుపు చూపిస్తుంది. ఇంకొన్ని ప్లాన్లు పరిమితి దగ్గర ఇంటర్నెట్‌ను ఆపేస్తాయి. మరికొన్ని, ముఖ్యంగా పోస్ట్‌పెయిడ్‌లో, ప్యాక్ లేనివారికి వేసే రేటుకు మారిపోతాయి. వీటిలో మొదటిది చిరాకు, రెండోది ఇబ్బంది, మూడోదే అసలైన ప్రమాదం. కొనే ముందు ఈ ఒక్క ప్రశ్నకైనా రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి.

రోమింగ్ ఎందుకు ఇంత ఖరీదన్న దానికి కారణం ఉంది. మనం వెళ్లిన దేశంలోని ఆపరేటర్ తన టవర్లను వాడుకోనిచ్చినందుకు మన ఆపరేటర్ దగ్గర టోకు ధర వసూలు చేస్తుంది, దానిపై మన ఆపరేటర్ తన లాభం వేసుకుంటుంది. ఆ టోకు ధరకూ, మనకు అమ్మే ధరకూ మధ్య ఎంత దూరం ఉండాలన్నది బేరసారాల మీదా, ప్రభుత్వ నియంత్రణ మీదా ఆధారపడుతుంది. యూరోపియన్ యూనియన్ 2017 జూన్ 15 నుంచి తన సభ్య దేశాల మధ్య అదనపు రోమింగ్ ఛార్జీలను రద్దు చేసింది. ఆ నిబంధనను 2022లో మరో పదేళ్లు, అంటే 2032 వరకు పొడిగించింది. అక్కడి సిమ్ ఉన్నవారికి, వేరే పరిమితి ఎంచుకోకపోతే, డేటా రోమింగ్ బిల్లు పన్ను కాక 50 యూరోలకు చేరగానే ఆపి అడగాలన్న నియమమూ ఉంది. అలాంటి రక్షణ లేని సిమ్‌తో ప్రయాణించేవారు ఖర్చు పరిమితిని తామే పెట్టించుకోవాలి. ఆపరేటర్ యాప్‌లో ఆ సౌకర్యం ఉంటే బయలుదేరే ముందే వాడుకోవడం మంచిది.

ఇక ఈ-సిమ్. ఇది కొత్త సాంకేతికత ఏమీ కాదు. ఫోన్ల కోసం దీని ప్రమాణాలను మొబైల్ ఆపరేటర్ల అంతర్జాతీయ సంఘం జీఎస్ఎంఏ 2016లో వెలువరించింది. 2017లో గూగుల్ పిక్సెల్ 2, 2018లో ఐఫోన్ ఎక్స్ఎస్ దీనితో వచ్చాయి. 2022లో అమెరికాలో అమ్మిన ఐఫోన్ 14లో సిమ్ పెట్టుకునే అరనే తీసేశారు. ప్రయాణికుల ఈ-సిమ్ అమ్మే కంపెనీలకు సాధారణంగా సొంత టవర్లు ఉండవు. ఏదో ఒక ఆపరేటర్ దగ్గర టోకున డేటా కొని, ఆ ఆపరేటర్‌కు ఉన్న రోమింగ్ ఒప్పందాల ద్వారా మనకు అందిస్తాయి. ఈ సంగతి తెలియక నేను విమానాశ్రయంలో దాదాపు అరగంట అవస్థ పడ్డాను.

జరిగింది ఇది. బయలుదేరే ముందు రాత్రి ఇంటి వైఫైలో ఈ-సిమ్ వేసుకున్నాను. క్యూఆర్ కోడ్ నా ఫోన్‌లోని మెయిల్‌కే వచ్చింది. దాన్ని అదే ఫోన్ కెమెరాతో స్కాన్ చేయలేను కనుక కంప్యూటర్ తెర మీద తెరిచి స్కాన్ చేశాను. మొదటి ప్రయాణపు బిల్లు గుర్తుండి, భయంతో రెండు సిమ్‌లకూ డేటా రోమింగ్ ఆపేశాను. దిగాక ఈ-సిమ్‌కు నాలుగు గీతల సిగ్నల్ వచ్చింది, ఇంటర్నెట్ మాత్రం రాలేదు. ఫోన్ ఆపి మళ్లీ వెలిగించాను, నెట్‌వర్క్‌ను చేత్తో మార్చి చూశాను, ఏపీఎన్ (ఫోన్‌ను ఆపరేటర్ ఇంటర్నెట్‌కు కలిపే సెట్టింగ్) అక్షరం అక్షరం సరిచూశాను. చివరికి విమానాశ్రయం వైఫైలో ఆ కంపెనీ సహాయ విభాగానికి రాస్తే ఒకే వాక్యంలో జవాబు వచ్చింది: ఈ-సిమ్‌కు డేటా రోమింగ్ ఆన్ చేయండి. ఆ ఈ-సిమ్ వేరే దేశపు ఆపరేటర్‌ది కనుక, నేను దిగిన దేశంలో అది కూడా రోమింగ్‌లోనే ఉంటుంది. కాబట్టి పాత సిమ్‌కు రోమింగ్ ఆపి ఉంచాలి, కొత్తదానికి తెరిచి ఉంచాలి. దీనితోపాటు మరో మీట కూడా చూసుకోవాలి. రెండు సిమ్‌ల ఫోన్లలో, ఒకదానికి సిగ్నల్ బలహీనపడితే డేటాను రెండోదానికి మార్చే ఏర్పాటు ఉంటుంది. దాన్ని ఆపకుండా, పాత సిమ్‌కు రోమింగ్ కూడా తెరిచి ఉంచితే, మనం ఈ-సిమ్‌లోనే ఉన్నామనుకుంటూ ఉండగానే బిల్లు పాత సిమ్ మీద పెరుగుతూ పోతుంది.

పదహారు రోజులకు నేను కొన్నది 10 జీబీలు, వాడినది 7 జీబీలకు కొంచెం ఎక్కువ. మ్యాప్‌లను ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకున్నాను, ఫొటోల బ్యాకప్‌ను వైఫైకే పరిమితం చేశాను. డేటాను ఎక్కువగా మింగింది ఇంటివారితో మాట్లాడిన వీడియో కాల్స్. వేగం పట్టణాల్లో చక్కగా ఉంది. మూడో దేశంలో, కొండ ప్రాంతంలో, ఈ-సిమ్‌కు ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఒక్కటే కావడంతో ఒక పూటంతా సిగ్నల్ లేదు. పక్కన ఉన్నవారి ఫోన్లు వేరే నెట్‌వర్క్‌లో బాగానే పనిచేశాయి. అందువల్ల ప్లాన్ కొనే పేజీలో దేశం పేరుతోపాటు అక్కడ ఏయే నెట్‌వర్క్‌లు దొరుకుతాయో కూడా చూడాలి. ఒకటికి రెండు ఉంటే కాస్త ఎక్కువ ధర పెట్టినా తప్పులేదు. అలాగే యూరప్ ప్లాన్ అన్న పేరు చూసి నిశ్చింతగా ఉండకూడదు. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేదు. కొన్ని ప్లాన్లలో అది ఉంటుంది, కొన్నింట్లో ఉండదు. రైలు ఆ దేశంలో రెండు గంటలే ఆగినా సరే, జాబితాలో పేరు లేకపోతే ప్లాన్ పనిచేయదు.

ఇంకో రెండు చిన్న లోపాలు ఈ-సిమ్‌లో కనిపించాయి. మన డేటా చాలావరకు ఆ ఈ-సిమ్ ఆపరేటర్ దేశం గుండా తిరిగి వస్తుంది కనుక వెబ్‌సైట్లు మనల్ని వేరే దేశంలో ఉన్నట్టు గుర్తిస్తాయి. నా బ్యాంకు యాప్ రెండుసార్లు అదనపు ధ్రువీకరణ అడిగింది. పేజీలు తెరుచుకోవడంలో కొద్దిపాటి ఆలస్యమూ ఆ దూరం వల్లే. ఇక, వేసుకున్న ఈ-సిమ్‌ను పొరపాటున తొలగిస్తే అదే క్యూఆర్ కోడ్‌తో మళ్లీ వేసుకోవడం చాలా ప్లాన్లలో కుదరదు. వాలిడిటీ ఇన్‌స్టాల్ చేసిన క్షణం నుంచి మొదలవుతుందా, విదేశీ నెట్‌వర్క్ అందుకున్నప్పటి నుంచా అన్నది కూడా కంపెనీని బట్టి మారుతుంది. నాది రెండో రకం కావడం వల్ల ముందురోజే వేసుకున్నా నష్టం రాలేదు. ఒకే ఆపరేటర్ సిమ్‌తో పనిచేసేలా లాక్ చేసిన ఫోన్‌లో ఇవేవీ పనిచేయవని వేరే చెప్పనక్కరలేదు.

పాత సిమ్‌ను ఆన్‌లో ఉంచడం వల్ల వచ్చే ఎస్ఎంఎస్‌లకు చాలా ఆపరేటర్ల దగ్గర ఛార్జీ లేదు, కాబట్టి ఓటీపీలకు ఇబ్బంది ఉండదు. వాట్సాప్ కూడా పాత నంబరుతోనే నడుస్తుంది. వచ్చే కాల్స్ సంగతి వేరు. విదేశంలో ఉన్నప్పుడు కాల్ ఎత్తినా ఛార్జీ పడవచ్చు. వాయిస్ మెయిల్ ఉన్నవారు దాన్ని ముందే ఆపివేయాలి. ఎందుకంటే ఎత్తని కాల్ మన ఫోన్ దాకా వచ్చి మళ్లీ స్వదేశంలోని వాయిస్ మెయిల్‌కు వెళ్లే దారిలో, రానూ పోనూ రెండు కాల్స్‌గా లెక్కపడే అవకాశం ఉంది. విమానంలోనూ, ఓడలోనూ కనిపించే నెట్‌వర్క్‌లు ఉపగ్రహం ద్వారా నడుస్తాయి; దేశాల పేరుతో కొన్న ప్యాక్‌లు సాధారణంగా వాటికి వర్తించవు. సముద్రం మీద నాలుగు గీతల సిగ్నల్ కనిపిస్తే సంతోషించకుండా ఫ్లైట్ మోడ్ వేయండి.

నెల రోజులకు పైగా ఒకే దేశంలో ఉండేవారికి అక్కడి స్థానిక సిమ్మే సాధారణంగా అన్నిటికన్నా చవక. స్థానిక నంబరు కూడా వస్తుంది. కాకపోతే చాలా దేశాల్లో పాస్‌పోర్టు చూపించి నమోదు చేయించుకోవాలి, దిగిన మొదటి రోజు దానికి కొంత సమయం కేటాయించుకోవాలి.

వచ్చే ప్రయాణంలో నాకు దారిలో ఒక దేశంలో రెండు రోజుల మజిలీ ఉంది, ఆ తర్వాత వేరే దేశంలో మూడు వారాలు. మజిలీకి సొంత ఆపరేటర్ రోజువారీ ప్యాకే తీసుకుంటాను, కాకపోతే విమానం దిగే వేళకూ స్వదేశపు అర్ధరాత్రికీ మధ్య ఎన్ని గంటలున్నాయో చూసుకున్నాకే డేటా ఆన్ చేస్తాను. మూడు వారాలకు మాత్రం 15 జీబీల ఈ-సిమ్, అది కూడా రెండు నెట్‌వర్క్‌లతో ఒప్పందం ఉన్నదే.