అరిగిన నాణెమా, తళతళలాడే నాణెమా: పాతవాటిలో ఏది మేలు?

పాత నాణేలు పోగుచేసేవాళ్ళందరికీ ఎప్పుడో ఒకప్పుడు ఈ ప్రశ్న ఎదురవుతుంది. చేతిలో ఉన్న డబ్బుతో, టంకశాల నుంచి ఇప్పుడే వచ్చినట్టు మెరుస్తున్న నాణెం ఒక్కటి కొనాలా, అదే డబ్బుకి బాగా అరిగినవి చాలా కొనాలా? అనుభవం ఉన్నవాళ్ళు ఎక్కువగా చెప్పే మాట "కొనగలిగినంతలో మంచి గ్రేడే తీసుకో" అని (గ్రేడ్ అంటే నాణెం ఎంత అరిగిందో, ఎంత బాగుందో చెప్పే కొలత). అది తప్పు సలహా కాదు, కానీ రేపు అమ్మబోయేవాడికి పనికొచ్చే సలహా. వందా రెండొందల ఏళ్ళ కిందట జనం చేతుల్లో తిరిగిన నాణేల విషయంలో నా ఓటు అరిగినవాటికే. అలాగని ఎలా అరిగినా ఫర్వాలేదని కాదు, అసలు విషయమంతా అక్కడే ఉంది.

ముందు గ్రేడ్ల సంగతి క్లుప్తంగా. ఇప్పుడు ఎక్కువగా వాడే 1 నుంచి 70 దాకా ఉన్న స్కేలుని విలియం షెల్డన్ అనే ఆయన 1949లో అమెరికా పాత రాగి సెంట్ల కోసం తయారుచేశాడు, అప్పట్లో ఆ అంకెలు ధరల నిష్పత్తిని చెప్పేవి. ఆ లెక్క ఎప్పుడో చెల్లిపోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. 60, ఆ పైన ఉన్నవి చలామణిలో అరగనివి. 4 అంటే 'గుడ్', 8 అంటే 'వెరీ గుడ్', 12 'ఫైన్'. పేరు చూసి కొత్తవాళ్ళు బోల్తా పడుతుంటారు, ఎందుకంటే 'గుడ్' అన్న నాణెం మీద తల ఆకారం, అంచు, సంవత్సరం తప్ప పెద్దగా ఏమీ మిగలదు.

మెరిసే నాణెం గొప్ప దానికుంది. అచ్చు దెబ్బకి లోహం పారినప్పుడు పైన కంటికి ఆనని సన్నని గీతలు ఏర్పడతాయి, నాణేన్ని దీపం కింద తిప్పితే వెలుగు చక్రంలా తిరిగేది వాటివల్లే. ఒకసారి పోతే ఆ మెరుపు మళ్ళీ రాదు. చెక్కినవాడి పనితనం, జుట్టు పాయలూ బట్ట మడతలూ అన్నీ చూడాలంటే ఇలాంటిదే కావాలి. కానీ దాంతో టెన్షన్ కూడా వస్తుంది. ఎర్రగా మెరిసే రాగి మీద వేలిముద్ర పడిందంటే అది అక్కడే ఉండిపోతుంది, నాసిరకం పీవీసీ కవర్లో ఉంచితే పచ్చటి జిగురు పడుతుంది, అందుకని చివరికి దాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి బయటి నుంచే చూస్తాం. పైగా 64కీ 65కీ తేడా పట్టుకోవడంలో నిపుణులకే ఏకాభిప్రాయం ఉండదు, ధరలో తేడా మాత్రం చాలాసార్లు గట్టిగానే ఉంటుంది. మనం డబ్బు పెడుతున్నది నాణేనికా, ఆ ఒక్క అంకెకా అని నాకు ఎప్పుడూ అనుమానమే.

అరిగిన నాణెంలో చూడటానికేముంది అంటారు. చాలా ఉంది! 1892 నుంచి అమెరికాలో వచ్చిన, చెక్కిన బార్బర్ పేరుతోనే పిలిచే వెండి నాణేలే తీసుకోండి. వాటి మీద లిబర్టీ, అంటే స్వేచ్ఛకి గుర్తుగా చెక్కిన స్త్రీ బొమ్మ ఉంటుంది, ఆమె తలకి కట్టిన పట్టీ మీద ఏడు చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఆ పేరే ఉంటుంది. తలమీద ఎత్తుగా ఉండే భాగం కాబట్టి రాపిడి ముందు అక్కడే తగులుతుంది. అక్షరాలన్నీ కనిపిస్తే 'ఫైన్', ఓ మూడు అక్షరాలు మిగిలితే 'వెరీ గుడ్', ఏమీ లేకుండా నున్నగా అయితే 'గుడ్'. ఒక భూతద్దం, నాలుగైదు నాణేలు ఉంటే చాలు, గ్రేడ్ చెప్పడం మనంతట మనమే నేర్చుకోవచ్చు, ఎవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఈ అరుగుదల టంకశాల చేసిన పొరపాట్లని కూడా బయటపెడుతుంది. 1916లో మొదలైన స్టాండింగ్ లిబర్టీ క్వార్టర్ (పావు డాలరు నాణెం) మీద సంవత్సరాన్ని ఎత్తుగా పెట్టడంతో అన్నిటికంటే ముందు అదే చెరిగిపోయేది, చివరికి 1925లో దాన్ని లోపలికి దించాల్సి వచ్చింది. సంవత్సరం లేని ఆ పాత క్వార్టర్లు పక్కన పెట్టుకుని చూస్తే ఆ మార్పు ఎందుకు జరిగిందో ఎవరూ చెప్పకుండానే అర్థమవుతుంది.

నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ రోమన్లది. క్రీ.పూ. 32–31లో రోమన్ సేనాని మార్క్ ఆంటొనీ తన సైన్యానికి జీతాలివ్వడానికి వేయించిన దినారాల (రోమన్ వెండి నాణేల) మీద ఒకవైపు యుద్ధనౌక, రెండోవైపు రెండు ధ్వజాల మధ్య గద్ద, దాని కింద దళం నంబరు ఉంటాయి. వాటిలో వెండి పాలు తక్కువ. అందుకే జనం మేలైన వెండి ఉన్న నాణేలు దాచుకుని, వీటిని ఖర్చుపెట్టేశారు. అలా అవి రెండొందల ఏళ్ళకి పైగా చేతులు మారుతూనే ఉన్నాయి. ఇప్పుడు దొరికేవాటిలో చాలా వాటి మీద నౌక ఒక మసక గీతగా, దళం నంబరు వెతుక్కుంటే గానీ కనపడకుండా ఉంటుంది. వీటిలో మెరిసేది కొంటే ఆంటొనీ టంకశాల ఎలా పనిచేసిందో తెలుస్తుంది, కానీ ఆ తర్వాత తరతరాల రోమన్లు దాన్ని వాడిన సంగతి అరిగినదానిలోనే ఉంది. నాకు ఆ రెండోదే కావాలి.

ఇంతవరకూ రెండే అన్నట్టు మాట్లాడాను గానీ, కొనేటప్పుడు మధ్యలో మూడోది ఒకటి ఊరిస్తుంది: బొమ్మ వివరాలు బాగానే ఉండి, ఎవరో తోమి మెరుగుపెట్టిన నాణెం. అరిగినదాని ధరకే 'వెరీ ఫైన్' ('ఫైన్' కంటే పై గ్రేడు) వివరాలు దొరుకుతున్నాయి కదా అనిపిస్తుంది. దయచేసి ఆశపడకండి. తోమిన వెండికి ఒక చచ్చు తెలుపు వస్తుంది, పక్కకి వంచి చూస్తే సన్నని గీతలన్నీ ఒకే దిక్కుగా కనిపిస్తాయి, అది ఎన్నాళ్ళకీ సహజంగా అనిపించదు. అదే నిజాయితీగా అరిగిన 'వెరీ గుడ్' నాణెం చూడండి, పల్లపు భాగాల్లో నల్లగా మాసి, ఎత్తు భాగాలు లేత బూడిదరంగులో తేలి, అక్షరాలు మరింత స్పష్టంగా కనపడతాయి. రెండు వైపులా సమానంగా అరిగి, చిల్లులూ నొక్కులూ లోతైన గీతలూ లేకుండా ఉంటే, నా దృష్టిలో తోమిన ఎక్కువ గ్రేడు కన్నా అదే నూటికి నూరుపాళ్ళు మేలు. దాన్ని మళ్ళీ మీరు తోమకండి, సబ్బు కూడా వద్దు.

ఇక అరిగినవాటి బలహీనతలు. మామూలు సంవత్సరాలవి అయితే ధర పెద్దగా పెరగదు, అమ్మడానికి వెళితే వెండి బరువు లెక్కకే అడుగుతారు. అరుదైన సంవత్సరం నాణెం అరిగినది కదా, నకిలీ ఉండదులే అనుకోవడం కూడా ప్రమాదమే, టంకశాల గుర్తుని (ఏ టంకశాలలో వేశారో చెప్పే చిన్న అక్షరాన్ని) తర్వాత అతికించినవి తక్కువ గ్రేడుల్లోనూ ఉంటాయి. ఈమధ్య కాలపు నాణేలైతే నేనూ మెరిసేవే తీసుకోమంటాను, ఎందుకంటే అరిగినవి చిల్లరలోనే బోలెడు దొరుకుతాయి. బంగారానికి లెక్క వేరు. బ్రిటిష్ సావరిన్ అసలు బరువు సుమారు 7.99 గ్రాములు. అరిగి 7.94 కంటే కొంచెం కిందికి దిగితే చట్టం ప్రకారం అది చెల్లేది కాదు, చలామణి నుంచి పోయేది, కాబట్టి నున్నగా అరిగిన సావరిన్ కోసం వెతకడంలో అర్థం లేదు.

వింతేమిటంటే కొన్ని సిరీస్‌లలో బాగా అరిగినదే దొరకదు. అమెరికాలో మోర్గన్ డాలర్లు అనే వెండి నాణేలు కోట్లలో వేశారు, వాటిలో చాలా భాగం 1960ల దాకా ఖజానా సంచుల్లోనే ఉండిపోయింది. అందుకని మెరిసేవి సులువుగా దొరుకుతాయి గానీ 1 గ్రేడు దాకా అరిగి, ఏ సంవత్సరమో మాత్రం తెలిసేలా ఉన్నది దొరకడం కష్టం. ఇలాంటి వాటికోసమే వెతికే కలెక్టర్లు ఉన్నారు, 'లోబాల్' సెట్లు అంటారు వాటిని. అంత అడుగుకి నేను వెళ్ళను.

మొదలుపెడుతున్నవాళ్ళకి నేను చెప్పేది: ఒక సిరీస్ ఎంచుకుని మొత్తం 'వెరీ గుడ్', 'ఫైన్' మధ్యలో కట్టండి. అరుదైన సంవత్సరం వచ్చినప్పుడు దానికోసం గ్రేడు మార్చకండి, ఆగి అదే గ్రేడులో వెతకండి. ఒకటి మెరుస్తూ మిగతావి మాసి ఉన్న ఆల్బమ్ కంటే, అన్నీ ఒకే రంగులో ఒకేలా అరిగిన ఆల్బమ్ చాలా బాగుంటుంది.