జాగ్రత్త: ‘ప్రతి ఛానలూ విడి’ అని చెప్పి అమ్ముతున్న ఆ ఎనిమిది ఛానళ్ల డేటా లాగర్‌ను బ్యాటరీలకు తగిలించకండి

కాలిన ప్లాస్టిక్ వాసన ఇంకా గదిలోంచి పోలేదు. కోపం చల్లారాక తీరిగ్గా రాయవచ్చు, కానీ ఆలోగా ఇంకొకరు అదే పెట్టె కొని అదే వైరును అదే చోట బిగిస్తే ఏమవుతుందో కళ్లారా చూశాను. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

ఉష్ణోగ్రతనూ వోల్టేజీనీ కలిపి నమోదు చేసే లాగర్ అది. నాలుగు ఛానళ్లు థర్మోకపుల్‌కు (వేడిని కొలిచే రెండు తీగల జత), నాలుగు వోల్టేజీకి. అమ్మేది ఎవరో ఈ పరికరాల కోసం వెతికినవారికి చెప్పనక్కరలేదు. ఎక్కడ వెతికినా ముందు కనిపించేది వాళ్ల ప్రకటనే. నాకు కావలసింది ఒకటే. సిరీస్‌లో, అంటే ఒకదాని పాజిటివ్‌కు తరువాతిదాని నెగటివ్ కలిపి ఉన్న నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీల్లో ఏది ముందుగా నీరసిస్తోందో తెలియాలి. మొత్తం 48 వోల్టుల దగ్గర కొలిస్తే ఆ సంగతి బయటపడదు. ఒకటి పడిపోతున్నా మిగతా మూడూ దాన్ని కప్పేస్తాయి. కాబట్టి ప్రతి బ్యాటరీ వోల్టేజీ, ప్రతి బ్యాటరీ వేడి ఒకే గడియారం ప్రకారం నమోదు కావాలి. వేడి కూడా ఎందుకంటే, బ్యాటరీ వేడెక్కినకొద్దీ ఛార్జింగ్ వోల్టేజీని తగ్గించాలి. సెల్లుకు డిగ్రీకి సుమారు 3 మిల్లీవోల్టులు, అంటే ఆరు సెల్లుల బ్యాటరీకి దాదాపు 18. రెండు గీతలూ పక్కపక్కన కనిపిస్తే తప్ప లోపం ఛార్జర్‌దో బ్యాటరీదో తేలదు.

సిరీస్‌లో ఉన్నవాటిని కొలిచే లాగర్‌కు అన్నిటికంటే ముందు కావలసింది ఐసొలేషన్. ఒక ఛానల్ నెగటివ్‌కూ ఇంకో ఛానల్ నెగటివ్‌కూ లోపల ఏ సంబంధమూ ఉండకూడదు. రెండో బ్యాటరీ నెగటివ్ అంటే మొదటి బ్యాటరీ పాజిటివే కదా! ఆ నెగటివ్‌లు రెండూ లాగర్ లోపల ఒకే రాగి గీత మీద కలిసి ఉంటే, మొదటి బ్యాటరీ రెండు మొనలనూ ఒక తీగతో ముడివేసినట్టే. లెడ్ యాసిడ్ బ్యాటరీ లోపలి నిరోధం మిల్లీ ఓముల్లో ఉంటుంది. అలా షార్ట్ చేస్తే వందల ఆంపియర్లు పారడానికి అది సిద్ధంగా ఉంటుంది.

ఇది తెలుసు కాబట్టే కొనే ముందు అడిగాను. ప్రకటనలో ‘ఛానళ్లన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా పూర్తిగా ఐసొలేటెడ్’ అని ఉన్నా, మళ్లీ విడిగా రాసి అడిగాను: “బ్యాటరీలు సిరీస్‌లో ఉన్నాయి. నాలుగు వోల్టేజీ ఛానళ్ల నెగటివ్‌లు లోపల కలవవు కదా?” జవాబు వెంటనే వచ్చింది: “కలవవు. అన్నీ విడివిడి. నిశ్చింతగా తగిలించుకోండి.” ఆ జవాబు ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

పెట్టె వచ్చిన దగ్గరనుంచే దేనికీ పొంతన లేదు. ముందు థర్మోకపుల్ సంగతి. మాన్యువల్‌లో ఎర్ర తీగ పాజిటివ్ అని అచ్చువేశారు. ఇచ్చిన ప్రోబ్‌లు, అంటే కొలిచే కొన ఉన్న తీగలు, టైప్ కె అనే రకం థర్మోకపుల్‌వి, రంగులు పసుపు, ఎరుపు. అది అమెరికన్ రంగుల పద్ధతి. అందులో పసుపు పాజిటివ్, ఎరుపు నెగటివ్. మాన్యువల్ ప్రకారం బిగించి ప్రోబ్ కొనను గుప్పిట్లో పట్టుకుంటే అంకె పెరగడానికి బదులు తగ్గింది. తీగలు తారుమారు చేశాక సరిగ్గా పెరిగింది. ఎవరి దగ్గర కొన్నా, ఏ థర్మోకపుల్ అయినా బిగించగానే ఈ పరీక్ష చేయండి, అర నిమిషం పట్టదు. అంతర్జాతీయ ప్రమాణంలో టైప్ కె తీగలు ఆకుపచ్చ, తెలుపు. అక్కడ ఆకుపచ్చ పాజిటివ్. రంగును నమ్మేకన్నా వేడిని నమ్మడం మేలు.

తరువాత కచ్చితత్వం. ప్రకటనలో ±0.5 డిగ్రీలు అని పెద్ద అక్షరాల్లో ఉంది. సాధారణ టైప్ కె తీగకు మేలిరకమైన మొదటి తరగతిలోనే ±1.5 డిగ్రీల తేడాను ప్రమాణం అనుమతిస్తుంది, రెండో తరగతిలో ±2.5. ప్రోబ్‌ను లాగర్‌తో జతచేసి విడిగా కాలిబ్రేట్ చేస్తే (తెలిసిన ఉష్ణోగ్రతతో పోల్చి సరిచేస్తే) తప్ప ఆ 0.5 వాళ్లు ఇవ్వగలిగేది కాదు. చేశామనే చెప్పారు. కాలిబ్రేషన్ సర్టిఫికెట్ కూడా పెట్టెలో పెట్టారు. దాని మీద ఉన్న సీరియల్ నంబర్ నా లాగర్‌ది కాదు. దంచిన మంచుగడ్డ, నీళ్లు కలిపిన ముద్దలో ప్రోబ్‌లు ముంచితే నాలుగింటిలో ఏదీ సున్నా దరిదాపుల్లోకి రాలేదు. పైగా ఒకదానికొకటి పొసగలేదు.

వోల్టేజీ వైపు ఇంకా అన్యాయం. తెర మీద రెండు దశాంశ స్థానాలు చూపిస్తుంది కాబట్టి 0.01 వోల్టు వరకు కొలుస్తుందని రాశారు. ఒకే బ్యాటరీకి ఒకే ఛానల్ తగిలించి నమోదు చేసిన ఫైల్ తెరిస్తే 12.63, 12.66, 12.69 కనిపిస్తాయి, మధ్యలో ఏ అంకే లేదు. 30 వోల్టుల పరిధిని 1024 మెట్లుగా విడగొడితే వచ్చే మెట్టు సరిగ్గా ఇదే, సుమారు 29 మిల్లీవోల్టులు. అంటే లోపల ఉన్నది వోల్టేజీని అంకెగా మార్చే 10 బిట్ల చిప్పు, 10 బిట్లంటే ఆ 1024 మెట్లే. డిగ్రీకి 18 మిల్లీవోల్టుల మార్పు కోసం చూస్తున్న నాకు 29 మిల్లీవోల్టుల మెట్లున్న పరికరం ఏ విధంగా పనికొస్తుంది? రెండో దశాంశం కేవలం చూపుకోసం పెట్టినది.

లాగర్ మెమరీ లెక్క కూడా అంతే. 32,000 నమోదులు, నిమిషానికి ఒకటి చొప్పున 22 రోజులు అన్నారు. అది ఒక్క ఛానల్ వాడితేనే. ఎనిమిదీ వాడితే ఛానల్‌కు 4,000, మూడు రోజులు కూడా నిండవు. నిండాక ఆగిపోవాలా, పాతవాటి మీద కొత్తవి రాయాలా అనే ఎంపికను సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడో మూడో పేజీ అడుగున దాచారు. అది ముందే ‘పాతవాటి మీద రాయి’ అని పెట్టి ఉంటుంది. మీరు తెలుసుకోవలసిన మొదటి రోజు సమాచారం నిశ్శబ్దంగా చెరిగిపోతుంది.

ఇవన్నీ రాసి పంపితే వచ్చిన జవాబు ఇది: “ఒక్క ఛానల్‌తో పరీక్షిస్తే ఇలాగే ఉంటుంది. అన్ని ఛానళ్లూ తగిలించి చూడండి, సర్దుకుంటుంది.”

దీన్ని గుర్తుపెట్టుకోండి. తగిలించమని చెప్పింది వాళ్లే. ఇచ్చిన వైర్లే వాడాలని, బయటి వైర్లు వాడితే వారంటీ పోతుందని రాసింది వాళ్లే. ఆ వైర్లలో ఎక్కడా ఫ్యూజు లేదు.

ఛార్జర్ ఆపి, కిటికీలు చాలాసేపు తెరిచి ఉంచి, ఆ తరువాతే మొదలుపెట్టాను. ఛార్జింగ్‌లో ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వస్తుంది. గాలిలో అది 4 శాతం చేరితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. మొదటి ఛానల్ నెగటివ్, పాజిటివ్ రెండూ బిగించాను. అంకె వచ్చింది. రెండో ఛానల్ నెగటివ్ క్లిప్పును మొదటి, రెండో బ్యాటరీలను కలిపే పట్టీకి తాకించాను. ఠప్పుమని నిప్పురవ్వ. క్లిప్పు అక్కడే అతుక్కుపోయింది. రెండు వైర్ల మీది తొడుగు ఒక్కసారిగా బుడగలెత్తి, కరిగి, లోపలి తీగ ఎర్రబడింది. లాగర్ మూత సందుల్లోంచి పొగ. చేతికి తొడుగు ఉంది కాబట్టి క్లిప్పును పీకగలిగాను. కిటికీలు మూసి ఉన్న గదిలో, అప్పటివరకు ఛార్జింగ్ నడిచిన బ్యాటరీల మీద ఆ రవ్వ పడి ఉంటే ఈ పోస్టు రాయడానికి నేను ఉండేవాణ్ని కానేమో.

తరువాత మల్టీమీటర్‌తో కాలని ఛానళ్లు చూశాను. మూడో నెగటివ్, నాలుగో నెగటివ్ మధ్య నిరోధం దాదాపు సున్నా. వాటికీ యూఎస్‌బీ సాకెట్టు లోహపు అంచుకూ మధ్య కూడా సున్నాయే. ఐసొలేషన్ చెడిపోతే ఇలా ఉండదు. అసలు అందులో ఐసొలేషన్ పెట్టనే లేదు. నాలుగు నెగటివ్‌లనూ ఒకే చోట కలిపి, పైన నాలుగు వేర్వేరు సాకెట్లు పెట్టి అమ్మారు.

ఫొటోలతో ఫిర్యాదు పంపాను. “సిరీస్ సర్క్యూట్‌కు తగిలించడం తప్పు వాడకం. వారంటీ వర్తించదు” అన్నారు. కొనేముందు వాళ్లు రాసిచ్చిన జవాబును తిరిగి పంపాను. అప్పుడు ఫోన్ చేశారు. క్షమాపణ చెప్పడానికి కాదు. “సాంకేతిక పరికరాలు వాడటం రానివాళ్లు కొంటే మేమేం చేస్తాం? మీ ఇంట్లో మంటలొస్తే అది మీ వైరింగ్ సంగతి” అని, నేను మాట్లాడుతుండగానే పెట్టేశారు.

ఆ మాటకు నిజంగా ఒళ్లు మండింది. అయినా ఇది రాయడానికి కారణం ఆ మాట కాదు. దాని తరువాత చేసిన పని. ఫోన్ పెట్టేసిన కాసేపటికి ప్రకటన పేజీ తెరిచి చూస్తే ఐసొలేషన్ గురించిన వాక్యం మాయమైంది. ఫొటోలు అవే, పొగడ్తలు అవే, మొత్తం పేజీలో ఆ ఒక్క వాక్యమే లేదు. తప్పు నాదే అని వాళ్లు నిజంగా నమ్మితే ఆ వాక్యాన్ని తీసేయవలసిన పనేముంది? వాళ్లకు తెలుసు. ఆ వాక్యం అబద్ధమనీ, దాన్ని నమ్మి తగిలిస్తే ఏమవుతుందో ఇప్పుడు ఫొటోలతో సహా తెలుసు. తెలిసిన తరువాత కూడా సాక్ష్యం చెరిపే పనికే పూనుకున్నారు, కొన్నవారిని హెచ్చరించే పనికి పూనుకోలేదు. కొన్న ప్రతి ఒక్కరి చిరునామా, ఫోన్ నంబరు వాళ్ల దగ్గర ఉన్నాయి. ‘సిరీస్ బ్యాటరీలకు తగిలించవద్దు’ అని ఒక్క సందేశం పంపితే సరిపోయేది. పాత ప్రకటన చదివి కొన్నవారి ఇళ్లలో ఆ పెట్టెలు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ల మనసులో ఉన్నది పాత వాక్యమే. ఈ రాత్రి ఎవరో ఒకరు రెండో క్లిప్పు చేతిలోకి తీసుకుంటూ ఉండవచ్చు. డబ్బు పోయిందన్న బాధ కన్నా నన్ను నిలవనీయనిది ఇదే.

ఆ పెట్టె మీ దగ్గర ఉంటే, దేనికీ తగిలించకుండా, ఆపి ఉంచి, మల్టీమీటర్‌ను ఓముల్లో పెట్టి నెగటివ్‌లను రెండేసి చొప్పున కొలవండి. సున్నాకు దగ్గరగా వస్తే మొత్తం లాగర్‌కు ఒకే ఒక్క బ్యాటరీ, అదీ ఒకే ఒక్క వోల్టేజీ ఛానల్‌కు తప్ప ఇంకేమీ తగిలించకండి. కింది నెగటివ్ నుంచే అన్నిటినీ కొలిచి తీసివేతలు చేసుకుందామన్నా, 48 వోల్టులు దాని 30 వోల్టుల పరిధికి మించినవి. డివైడర్ (వోల్టేజీని తగ్గించి ఇచ్చే రెసిస్టర్ల జత) పెట్టి పరిధి పెంచితే మెట్టు ఇంకా లావవుతుంది. అలా వచ్చిన తేడాకు అర్థం ఉండదు. వేరే లాగర్ కొనేవారు ఛానల్‌కూ ఛానల్‌కూ మధ్య ఎన్ని వోల్టులు తట్టుకుంటుందో అంకెతో రాసిన పత్రం చూడకుండా కొనకండి. ఏ లాగర్ అయినా ప్రతి వైరుకూ బ్యాటరీ మొన పక్కనే చిన్న ఫ్యూజు పెట్టండి, వారంటీ కాగితంలో ఏమి రాసి ఉన్నా సరే.

నా ఫిర్యాదు ఇప్పుడు అమ్మకపు వేదిక దగ్గర ఉంది. ప్రకటనలో ముందు ఏమి ఉండేదో రుజువు చేయమంటున్నారు. ఆర్డర్ చేసిన రోజు దాచుకున్న పేజీ చిత్రం పంపాను. అది ఒక్కరి దగ్గరే ఉంటే కల్పితమనే వాదన వస్తుంది. పాత పేజీ చిత్రం గానీ, ఐసొలేషన్ ఉందని మీకు రాసిచ్చిన జవాబు గానీ మీ దగ్గర ఉంటే చెరపకండి, మీరూ ఫిర్యాదు పెట్టి దానికి జతచేయండి.